కంచె పక్కన పునుగుపిల్లి

"డాక్టరు గారూ, సాయంత్రంలోగా మా ఆయన్ని జైలుకి పంపేస్తారట!"

గుమ్మంలో నిలబడే అంది ఆమె. కూర్చోమన్నా కూర్చోలేదు. సహాయకురాలు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

డిటెక్టివ్‌ని అందరూ డాక్టరు గారనే పిలుస్తారు. ఇరవై ఏళ్లు పశువులకు వైద్యం చేసి, తరవాత మనుషుల పాపాలు వెదికే పనిలోకి దిగాడు. ఆ పశువుల మీదున్న నమ్మకం ఆయనకి మనుషుల మీద ఇప్పటికీ కుదరలేదు. సహాయకురాలికి మాత్రం ఆయన మీద నమ్మకం కొండంత.

వచ్చినావిడ భర్త కంచెల మేస్త్రీ. పునుగుపిల్లులూ అడవిపందులూ పెరళ్లలో జొరబడకుండా కరెంటు కంచెలు వేస్తాడు. మందుల షాపు యజమాని పెరట్లో కోళ్లగూడు చుట్టూ అతనే వేశాడు. ఈ తెల్లవారుజామున ఆ తీగ తగిలి యజమాని చనిపోయాడు.

"కరెంటు బలం తగ్గించే పెట్టె పక్కన పెట్టి, ప్లగ్గు కరెంటు నేరుగా తీగలకిచ్చాడంటున్నారు. ఆయన చచ్చినా అలా చెయ్యరండీ. జంతువుకి చురుక్కుమని బుద్ధి రావాలి గానీ ప్రాణం పోకూడదంటారు."

"నిన్న అక్కడికి వెళ్లాడా?"

"సాయంత్రం వెళ్లారు. కంచె పనిచెయ్యట్లేదని పిలిచారు. గడ్డి పెరిగి కింది తీగకి తగులుతోందట, అందుకే బలం తగ్గింది. గడ్డి కోసి వచ్చేశారు. అంతే, ఒట్టు!"

ముగ్గురూ షాపు యజమాని ఇంటికి వెళ్లేసరికి శవాన్ని తీసుకెళ్లిపోయారు. వరండాలో కూలబడి ఉన్న యజమాని భార్య మేస్త్రీ భార్యని చూడగానే లేచింది.

"నీ మొగుడు మా ఆయన్ని పొట్టనబెట్టుకున్నాడే! ఏ మొహం పెట్టుకుని వచ్చావు?"

మేస్త్రీ భార్య తల వంచుకుని గోడవారగా నిలబడింది.

పెరట్లో ఇన్‌స్పెక్టర్ ఒక గోనె పట్టా మీద పడున్న పునుగుపిల్లిని చూపించాడు. "ఇది కూడా తీగ పక్కనే పడుంది, డాక్టరు గారూ. కట్టెలా బిగుసుకుపోయింది, అంటే రాత్రే చచ్చింది. రాత్రికే తీగలో చంపే కరెంటు ఉంది. మేస్త్రీ తరవాత బయటివాళ్లెవరూ రాలేదు. ఇంకేం కావాలి?"

డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని జంతువుని తిరగేశాడు. కాలిన మచ్చ ఎక్కడా లేదు. మూతి చీరుకుపోయి ఉంది, కోరపన్ను ఒకటి విరిగింది. పొట్టకింద బొచ్చు ఇంకా తడిగా ఉంది. వాన పడి పది రోజులైంది. రొమ్ము మీద నొక్కితే ముక్కులోంచి నురుగునీళ్లు వచ్చాయి. సహాయకురాలు మొహం తిప్పుకుంది.

డాక్టరు వరండాలోకి వచ్చి యజమాని భార్య ఎదుట కూర్చున్నాడు.

"ఆయన తీగ ఎందుకు ముట్టుకున్నారమ్మా?"

"రోజూ ముట్టుకుంటారండీ. చెయ్యి వెనకవైపు తాకించి, చురుక్కుమంటే సరిగా ఉన్నట్టు. మేస్త్రీయే నేర్పాడు."

"ఇవాళ పెందలాడే లేచారెందుకు?"

"నేనే లేపాను. మా మరిది కిటికీ దగ్గరకొచ్చి, వదినా, కోళ్లు గోల పెడుతున్నాయి, అన్నయ్యని చూడమను అన్నాడు. నాకేం వినపడలేదు గానీ వాడు చెప్పాడుగా! ఈయన చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తారు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మూడు రోజులుగా అన్నం కూడా ముట్టలేదండీ, పక్కవీధి పాప చనిపోయినప్పటి నుంచీ."

"ఇప్పుడవన్నీ ఎందుకు వదినా?" అన్నాడు స్తంభానికి ఆనుకున్న మరిది. అన్నగారి షాపులో మందులిచ్చేది అతనే.

ఇన్‌స్పెక్టర్‌కి ఏదో గుర్తొచ్చింది. "నిన్న ఆయన నాకు ఫోన్ చేశాడు. పొద్దున్నే స్టేషన్‌కొస్తాను, ఒక విషయం చెప్పాలి అన్నాడు."

డాక్టరు సహాయకురాలి చెవిలో నాలుగు మాటలు చెప్పాడు. ఆమె ఒక కానిస్టేబుల్‌ని తీసుకుని షాపుకి వెళ్లింది. అరగంటలో ఇద్దరూ ఒక ఇనుప బోను మోసుకొచ్చి వరండాలో పెట్టారు. జాలీకి బొచ్చూ నెత్తురూ అంటుకుని ఉన్నాయి.

"షాపు వెనక గదిలో ఉంది. పక్కనే నీళ్ల తొట్టి, సగం నిండా," అందామె.

డాక్టరు అందరినీ దగ్గరికి పిలిచాడు.

"ఈ జంతువు కంచె తగిలి చావలేదు. బోనులో పడి, జాలీ కొరికి కొరికి మూతి చీరుకుంది. బోనుతో సహా నీళ్లలో ముంచితే ఊపిరాడక చచ్చింది. దాన్ని తెచ్చి తీగ పక్కన పడేశారు, నేరం మేస్త్రీ మీద పడాలని. రాత్రే తీగలో చంపే కరెంటు ఉందనడానికి ఇక ఆధారం లేదు. తీగలు ప్లగ్గుకి తగిలించింది తెల్లవారుజామునే, అదీ ఇంటి మనిషే. తమ్ముడు గారూ, ఒక్కటి చెప్పండి. రాత్రే చచ్చిన పిల్లి తెల్లారి కోళ్లనెలా బెదిరించింది?"

"ఇంకో పిల్లి వచ్చిందేమో..."

"కోళ్లు గోల పెడితే ఒక్కరికే వినపడదు. ఆయన చెయ్యి తాకిస్తారని మీకు తెలుసు. చెప్పుల్లేకుండా రావాలి, అందుకే కంగారు పెట్టించారు. మీ అన్న స్టేషన్‌లో చెప్పబోయింది ఆ పాప గురించేగా? పాప తాగిన మందు ఎవరిచ్చారు?"

మరిది మెట్లవైపు ఒక అడుగు వేశాడు. ఇన్‌స్పెక్టర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"సీసా మారిపోయింది," అన్నాడు మరిది. "కావాలని చేశానా? కాళ్లు పట్టుకున్నాను. దాస్తే ఆ తల్లి మొహం చూడలేను, చెప్పి తీరతానన్నాడు. సొంత అన్న!"

యజమాని భార్య అతని వంక చూడలేదు. ఆరేళ్లప్పటి నుంచి అన్నం కలిపి పెట్టిన మరిది అతను. ఆమె డాక్టరునే అడిగింది.

"అయితే ఆయన్ని పంపింది నేనా?"

"మీరు కాదమ్మా. మీ నోటితో అతను పంపాడు."

"ఆదమరిచి నిద్రపోతున్నారండీ. మూడు రోజుల తరవాత అప్పుడే కాస్త కన్నంటుకుంది. భుజం పట్టుకుని నేనే లేపాను."

గోడవారనున్న మేస్త్రీ భార్య వచ్చి ఆమె పక్కన కూర్చుని, రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"రామ్మా, జీపెక్కు. నీ భర్తని విడిపించి తీసుకెళ్దువు గాని," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా.

"వస్తానండీ," అంది ఆమె కదలకుండా. "ఇంకాసేపు ఓర్చుకోమని ఆయనకి చెప్పండి. ఈవిణ్ణి ఒక్కదాన్నీ వదిలి ఎలా రాను?"