పాస్‌పోర్టు లేని సరుకు

ఏలూరు లాడ్జిలో చీఫ్ నరసరాజు ఒక ఫోటో విసిరాడు. కొల్లేట్లో తేలిన శవం.

"మన ఇన్ఫార్మరు. సర్కారు చేపల చెరువుల గట్లు కొట్టేశాక పనిలేని కుర్రాళ్లను విక్టర్ ముఠా యూరప్‌కి పంపుతోందని చెప్పాడు. అంతే, పోయాడు."

"అమెరికాకి కాదా సార్?" అడిగాడు ఏజెంట్ ఆనంద్ పాల్.

"అమెరికాకి గండం కౌంటర్ దగ్గరే. వీసా ఇంటర్వ్యూలో ఆఫీసర్ ముందు అబద్ధాలు గడగడా అప్పజెప్పాలి. యూరప్‌లో దిగాక నోరు విప్పకూడదు. ఏ దేశంవాడో తెలియకపోతే ఎక్కడికి తిప్పి పంపుతారు? అందుకే పాస్‌పోర్టులు ముందే కాల్చేస్తారు. ఈరోజు ఎనిమిదిమందిని చేపల లారీలో రేవుకి తోలుతున్నారు. ఆ ముఠాలో మన మనిషి ఉంది, చాందిని."

"నమ్మొచ్చా?"

"నేనైతే నమ్మను."

మిట్టమధ్యాహ్నం. ఆకివీడు ప్యాకింగ్ షెడ్డు. చేపల వ్యాపారి వేషంలో ఆనంద్ దిగాడు. నల్ల కళ్లద్దాల చాందిని ఎదురొచ్చింది.

"శీలావతి చేప ఉందాండీ?" కోడ్ విసిరాడు.

"బొచ్చె ఒక్కటే అండి." గొంతు తగ్గించింది. "మధ్య లారీ. సీల్ వేసేశారు. మిగతావి వదిలెయ్యండి."

మూడు లారీలు స్టార్టయ్యాయి. మొదటిదాని కింద నీళ్లు. మధ్యదాని కిందా ధార. ఐస్ కరుగుతోంది. కొల్లేటి చేపల లారీ రోడ్డు తడపకుండా కదలదు. మూడోదాని కింద మాత్రం దుమ్ము పొడిగా ఉంది. ఐస్ లేదు. అంటే లోపల చేపల్లేవు. సీలేసిన పెట్టెలో గాలీ లేదు.

ఆనంద్ మూడోదానివైపు దూకాడు.

"మధ్యదని చెప్పానా!" చాందిని పిస్టల్ తీసింది. "ఒక్క అడుగు వేస్తే కాల్చేస్తా."

"నిన్ను నమ్మింది విక్టరొక్కడే," అంటూ పెన్ను నొక్కాడు. మత్తుసూది ఆమె మెడలో దిగింది. ఆ లారీ స్టీరింగ్ మీదున్న విక్టర్ ఆక్సిలరేటర్ తొక్కేలోగా తూటా తగిలి టైరు పేలింది. షెడ్డు వెనక మాటేసిన పోలీసులు అతన్ని కిందికి లాగారు. ఆనంద్ గునపంతో సీల్ పగలగొట్టాడు.

పెట్టెలోంచి ఎనిమిదిమంది ఒకరిమీదొకరు దొర్లారు. అందరికీ ఊపిరుంది. గణపవరం చరణ్‌తేజ దగ్గి దగ్గి తలెత్తాడు. కళ్లలో కృతజ్ఞత లేదు, కసి ఉంది.

"ఎవరు రమ్మన్నారండీ మిమ్మల్ని? రేవు చేరేవాళ్లం."

"చేరేవి శవాలయ్యా."

"శవాలకి ఇంటర్వ్యూ ఉండదు కదండీ," అన్నాడు చరణ్‌తేజ, ఎంతో మర్యాదగా.