పేరు అడిగే చెట్టు

ఆ వీధి చివర మూతబడిన ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. దాని గోడ పక్కనే ఒక చెట్టు. చీకటి పడ్డాక అటు ఒంటరిగా పోవద్దని వీధిలో అందరూ చెప్పేవాళ్ళు. ఎందుకంటే... ఆ చెట్టు పేరు అడుగుతుంది.

నిజంగానే అడుగుతుందట. లైట్లు వేసే వేళకి, కొమ్మల కింది చీకట్లోంచి, సన్నగా — "నీ పేరేంటి?" అని. పొరపాటున చెప్పారో, అంతే సంగతులు. బ్యాంకు క్యాషియరు ఒకాయన మర్యాదస్థుడు కాబట్టి ఇంటిపేరుతో సహా చెప్పాడు. మూడోరోజు స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ స్కూటరుకి బ్రేకులు లేవన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

అదేం చెట్టో కూడా ఎవరికీ తెలీదు. ఆకు చూస్తే మామిడాకులా ఉంటుంది, మామిడి కాదు. గిల్లితే తెల్లగా పాలు కారతాయి. పైగా ఈమధ్య కొమ్మలకి ఎవరో ఎర్రదారంతో ఏవేవో కడుతున్నారు. చేతబడి అన్నారు. పగలు కూడా అటు తలెత్తి చూసేవాళ్ళు లేరు.

అక్కడికి నాలుగిళ్ళ ఇవతల ఒక దర్జీ ఆవిడ ఉండేది. మిగతా విషయాల్లో గుండె దిటవైన మనిషే. లారీ నడిపే భర్త నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండడు. మిషను తొక్కుతూ ఇల్లు నెట్టుకొస్తూ, మతిమరుపు ముదిరిన అత్తగారిని కంటికి రెప్పలా చూసుకునేది. కానీ ఈ దెయ్యం కబురు విన్న దగ్గర్నుంచీ, సాయంత్రం ఏడయ్యేసరికి వీధివైపు కిటికీలన్నీ బిగించేసేది. ఆ గొంతు చెవిన పడకుండా మిషను గట్టిగా తొక్కేది. అత్తగారు పక్క గదిలో నడుం వాల్చి ఉంటుందని ఆమె నమ్మకం.

ఆ అత్తగారు ఒకప్పుడు తక్కువ మనిషి కాదు. మొక్కల నర్సరీలో నలభై ఏళ్ళు పనిచేసింది. వచ్చిన ప్రతి మొక్కకీ పేరుచీటీ రాసి కట్టడం ఆవిడ పని. ఆకు చించి వాసన చూసేది, బెరడు గోటితో గీకేది, అప్పటికీ తేలకపోతే నాలిక చివర అంటించేది — పేరు చెప్పేసేది. ఇప్పుడు కొడుకు పేరు ఒకరోజు గుర్తుంటే రెండురోజులు ఉండదు. కోడలిని "అమ్మాయ్" అని పిలిచి బండి లాగించేస్తోంది.

ఆ రోజు ఏడున్నరకి కోడలు మిషను ఆపి, మంచినీళ్ళు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది. మంచం ఖాళీ. బయట గేటు బార్లా తెరిచి ఉంది. అత్తగారు మెట్ల మీద ఒరిగిపోయి ఉంది. నోట్లో నమిలిన గింజ పిప్పి... వేళ్ళకి తెల్లటి జిగురు... గోళ్ళలో బెరడు పొట్టు.

ఆస్పత్రిలో డాక్టరు నాడి చూసి మొహం చిట్లించాడు.

"నాడి పడిపోతోందమ్మా. ఏ చెట్టుదో తెలీకుండా గుడ్డిగా మందు వెయ్యలేను. ఆకు, బెరడు పట్టుకురండి. ఎంత తొందరగా వస్తే అంత మంచిది."

పాలు కారే చెట్టు ఆ వీధిలో ఒక్కటే. అది తలపుకి రాగానే ఆమె ఒళ్ళు చల్లబడింది. గేటుకి తాళం వెయ్యమని భర్త ఎన్నిసార్లు చెప్పాడో. రేపు కొందాం, ఎల్లుండి కొందాం అని నెల గడిపేసింది. ఇప్పుడు అతనికి ఏ మొహం పెట్టుకుని ఫోను చెయ్యాలో తెలియక, ఏడుస్తూనే ఆటో ఎక్కింది.

ఆటో అతను వీధి మొదట్లోనే ఆపేశాడు. చేతులు పట్టుకుని బతిమాలినా లోపలికి రానన్నాడు. ఇక్కడే ఉంటానక్కా, నువ్వు వెళ్ళిరా అన్నాడు.

వెళ్ళింది.

చెట్టు దగ్గర వీధిలైటు ఏనాడో పోయింది. ఫోనుతో ఫోటో తీసి ఇదేం చెట్టని ఆ ఫోన్నే అడిగితే, అది ఒకసారి మామిడి అంది, ఇంకోసారి రబ్బరు చెట్టు అంది. చార్జి కూడా అడుగంటింది. ఫోను నడుముకి దోపుకుని ఆ చీకట్లోనే చెయ్యి పైకి చాచింది. ఆకులు కొమ్మ చివర గుత్తిగా ఉన్నాయి. నాలుగు తెంపింది. పాలు మోచేతి దాకా కారాయి... చల్లగా. బెరడు తడిమింది. సన్నసన్న బుడిపెలు. సంచిలో ఎప్పుడూ ఉండే కత్తెర తీసి, దాని మొనతో చెక్క లేపింది. బట్ట ముట్టుకుంటే నూలో పట్టో చెప్పే వేళ్ళు అవి, ఇక్కడ ఏమీ చెప్పలేకపోయాయి.

ఫోను మోగింది. నర్సు. నాడి ఇంకా తగ్గిందట, త్వరగా రమ్మంది.

ఆకు తీసుకెళ్ళినా గుర్తుపట్టేవాళ్ళు ఎవరున్నారు? గుర్తుపట్టగల ఒక్క మనిషీ అక్కడ మంచం మీద పోతోంది. ఆ చెట్టుకే నుదురు ఆనించి అడిగింది —

"నీ పేరేంటి... చెప్పవే తల్లీ... నీ పేరేంటి?"

వెనక దబ్బున ఏదో పడింది.

"చెప్పను... నా పేరు చెప్పను..."

డ్యూటీకి పోతున్న సెక్యూరిటీ గార్డు సైకిలు అక్కడే పారేసి, టోపీ పడిపోయినా చూసుకోకుండా పరుగు లంకించుకున్నాడు. ఆమె అదిరిపడి ఒకడుగు వెనక్కి వేసింది. అప్పుడు చెంపకి ఏదో తగిలింది... పల్చగా... ఆ వెంటనే మెడకి ఇంకోటి.

ఫోను లైటు పైకెత్తింది.

అట్టముక్కలు. గుండీలు కుట్టి అమ్మే అట్టలు — ఆమె మిషను కింద పారేసేవి. కట్టిన ఎర్రదారం కూడా ఆమె రీలులోదే. ఇంత త్వరగా ఎలా అయిపోతోందా అని ఆమె నెల రోజులుగా కొట్టువాడిని తిట్టుకుంటున్న దారం. ముప్పయ్యో నలభయ్యో ఉన్నాయి. ప్రతి దాని మీదా వంకర అక్షరాలతో ఒకటే మాట. "పేరు:" అని. ఆ పక్కన ఖాళీ.

రోజుకొక చీటీ.

దెయ్యం మనుషుల్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు. చెట్టునే అడిగింది. రోజూ చీకటి పడే వేళకి వచ్చి, ఆకు చించి, బెరడు గీకి, రాని పేరు కోసం బతిమాలుకుని, ఖాళీ చీటీ కట్టి వెళ్ళింది. ఇవాళ ఇక ఆఖరి పద్ధతి పట్టింది, గింజ నోట్లో వేసుకుని చూసింది. కోడలు భయపడి మూసుకున్న కిటికీల ముందు నుంచే అత్తగారు అన్నిసార్లూ వచ్చిపోయింది. ఆ సంగతి తట్టగానే ఆమె ఒక చీటీ తెంపి గుప్పిట పట్టుకుని, ఆటో వైపు పరిగెత్తింది.

ఆస్పత్రిలో డాక్టరు ఆకు అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడు. ఆమె ఇక ఆగలేదు. అత్తగారి చేతిలో ఒక ఆకు, చెక్క ముక్క పెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పింది.

"అత్తయ్యా, కొత్త మొక్క వచ్చింది. చీటీ రాయాలి."

ముసలావిడ కళ్ళు తెరవలేదు. బొటనవేలు మాత్రం కదిలింది. ఈనె వెంట మెల్లగా పాకింది... బెరడు బుడిపెల మీద ఆగింది.

"గన్నేరుకి... పెద్దక్క. ఉప్పునేలల్లో పెరుగుతుంది... గింజ గుండెకి మంచిది కాదు."

గన్నేరు మాట వినగానే డాక్టరు ఫోను పక్కన పడేసి మందు కోసం పరిగెత్తాడు. తెల్లవారేసరికి నాడి గాడిన పడింది.

అప్పుడు ముసలావిడ కళ్ళు తెరిచింది. మంచం పక్కన కూర్చున్న మనిషిని చాలాసేపు చూసింది. చెయ్యి అందుకుని, ఆకులా అటూ ఇటూ తిప్పి, సూది పోట్లతో గరుకెక్కిన వేలి కొసని తడిమింది. ఎంత తడిమినా తేలలేదు.

"నీ పేరేంటి?" అంది సన్నగా.

వీధంతా చెప్పకూడదన్న పేరుని కోడలు చెప్పింది. కాసేపటికి ముసలావిడ మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పింది. మూడోసారి అడిగినప్పుడు గుప్పిట్లోని అట్టముక్క తీసి, ఖాళీలో తన పేరు రాసి, ఆ ఎర్రదారంతోనే తన మణికట్టుకి కట్టుకుంది.

ఆ చీటీ కోడలి చేతికి ఇప్పటికీ ఉంటుందట. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఇదేంటని అడిగితే, మా అత్తయ్యకి కావాలి అంటుందట.