గడ్డను చూసిన ఎనిమిదిమంది

మిషన్ మళ్లీ అదే ప్రశ్న అడిగింది: "గడ్డను చూసిన బంధువులు ఎంతమంది?"

ఎస్తేరు జవాబు కొట్టలేదు. ఇరవై ఆరేళ్లుగా ఈ కేన్సర్ ఆసుపత్రి ల్యాబ్‌లో రొమ్ముగడ్డల్ని పల్చగా కోసి, రంగులేసి, గాజుపలకల మీద పరిచిన చేతులు ఆమెవి. ఇప్పుడు వాటికి మిగిలిన పని మీటలు నొక్కడం.

కొన్ని కేన్సర్ కణాలు ఈస్ట్రోజెన్ హార్మోన్ దన్నుతో పెరుగుతాయి. ఆ హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్ని రిసెప్టర్ అంటారు. గడ్డలో రిసెప్టర్లుంటే రోజుకో మాత్ర. లేకపోతే మాత్ర దండగ. మనిషిని పీల్చి పిప్పిచేసే కీమో తప్పదు. పాత పద్ధతిలో రిసెప్టర్లున్న కణాలు గోధుమరంగు తిరిగేవి. మైక్రోస్కోపులో చూసి ఒక డాక్టరు ముప్పై శాతమంటే ఇంకొకాయన అరవై అనేవాడు. డాక్టర్ హరనాథ్ కనిపెట్టిన మిషన్ కంటితో పనిలేకుండా ఒక్కో రిసెప్టర్‌నీ కాంతితో లెక్కపెడుతుంది.

అంత గొప్ప మిషన్‌ కూడా ఒక అలవాటు దగ్గర బోర్లాపడింది. ఆపరేషన్ అవగానే గడ్డను ట్రేలో పెట్టి, థియేటర్ బయట చుట్టాలకి చూపించాలి. చూపించకపోతే "తీశారో లేదో మాకేం తెలుసు?" అని గొడవ. కణాలు పాడవకుండా వెంటనే ఫార్మలిన్ ద్రావణం‌లో పడాల్సిన ముక్క, మేనత్తగారు ఆటో దిగేదాకా ఉక్కలో ఎండేది. రిసెప్టర్లు చచ్చేవి. చుట్టాలెక్కువున్న ఆడదానికల్లా మిషన్ సున్నా చెప్పేది.

"చూపించడం మానిపించండి సార్" అంది ఎస్తేరు అప్పట్లో.

"జనాన్ని మార్చలేమండీ. మిషన్‌ని మార్చగలం" అన్నాడు హరనాథ్. చుట్టాలు పెరిగేకొద్దీ ఆలస్యం పెరుగుతుందని లెక్కగట్టి, పోయిన శాతాన్ని తిరిగి కలిపే ప్రోగ్రాం రాశాడు. మహా తెలివైనవాడు. ఆ తెలివి థియేటర్ గుమ్మందాకా నడిచి చూస్తే ఎంత బాగుండేది!

ఇవాళ్టి ముక్క అప్పలకొండది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. వేళ్లు జీడి అంటి నల్లబారి ఉంటాయి. మిషన్ పచ్చి లెక్క సున్నా. కాగితంలో ఎనిమిదిమంది వస్తారని ఉంది, చూశారని లేదు. ఎనిమిది అని కొడితే డెబ్భై ఎనిమిది శాతం. ఎవరూ చూడలేదంటే సున్నా సున్నాగానే ఉంటుంది, కీమో మొదలవుతుంది. ఆ బక్క ప్రాణం అది తట్టుకునేలా లేదు.

ఎస్తేరు కాళ్లీడ్చుకుంటూ వార్డుకి వెళ్లింది.

"నీ గడ్డని ఎంతమంది చూశారే?"

"ఎనిమిదిమందమ్మా. అన్నదమ్ములు, వదినలు..."

పక్క మంచం ఆవిడ పకపకా నవ్వింది. "ఎనిమిదిమందా! ఒక్కరూ నా కంట పడ్నేదేటే?"

"నువ్వు తొంగున్నావు."

రక్తపరీక్ష వంకతో ఎస్తేరు ఆమెను ల్యాబ్‌కి తీసుకొచ్చి తలుపు వేసింది. "ఇక్కడ వార్డువాళ్లెవరూ లేరు. చెప్పు."

అప్పలకొండ తన నల్లటి వేళ్లని కొంగులో చుట్టుకుంది. "ఎవులూ రానేదమ్మా. కాగితంలో ఎనిమిదిమందొస్తారని రాయించీసినాను. తియేటరు నర్సమ్మ ట్రే అట్టుకుని నా పేరు పిలుస్తా రెండు గంటలు నిలబడిపోనాదంట."

ఎస్తేరుకి ఒళ్లు మండింది. ఎవరిమీదో తెలియక స్టూలు మీద కూలబడింది. ముక్క చుట్టాలు వచ్చినందుకు కాదు, రానందుకు ఎండింది.

చంకలోంచి తీసిన చిన్న గడ్డ ఇంకా సీసాలోనే ఉంది. దాన్ని ఎవరికీ చూపించరు కనుక కోసిన నిమిషంలోనే ఫార్మలిన్‌లో పడింది. కేన్సర్ అక్కడికీ పాకింది కాబట్టి కణాలు అవే. మిషన్ చంకగడ్డల్ని తీసుకోదు. ఎస్తేరు దాన్ని పాత పద్ధతిలో కోసి, రంగు వేసింది. మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే నూటికి ఎనభై కణాలు గోధుమరంగులో ఉన్నాయి.

పలక పట్టుకుని హరనాథ్ గదికి వెళ్లింది.

"కంటి లెక్క ఇప్పుడు చెల్లదండీ ఎస్తేరుగారూ. మిషన్ రిపోర్టు ఉంటేనే ఫార్మసీ మందిస్తుంది."

"ఈమెకి ఎవరూ రాలేదు సార్. అయినా ట్రే రెండు గంటలు బయటే ఉంది. మిషన్‌ని మనుషుల్ని కాదు, నిమిషాల్ని అడగమనండి."

"వచ్చే వెర్షన్‌లో చూద్దాం. ప్రస్తుతానికి ఉన్న నిజం కొట్టండి."

"ఉన్న నిజం కొడితే కీమో వస్తుంది."

ఆయన ఫోన్ మోగింది.

ఎస్తేరు ల్యాబ్‌కి వచ్చి ఎనిమిది కొట్టింది. డెబ్భై ఎనిమిది శాతం. మాత్రలు.

ఆ నెల సమావేశంలో హరనాథ్ ఆ కేసునే తెరమీద వేసి చూపించాడు. పాత పద్ధతి ఎనభై, తన ప్రోగ్రాం డెబ్భై ఎనిమిది, ఎంత దగ్గరో చూడండన్నాడు. ఎవరూ రాలేదన్న ముక్క ఆయనకి గుర్తులేదు. గుర్తున్నా ఆ లెక్కలో ఇమడదు.

డిశ్చార్జి రోజున అప్పలకొండ రిపోర్టు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చింది. శాతం సంగతి ఎస్తేరు వివరించబోతే వినలేదు. కిందనున్న గీత మీద వేలు పెట్టి చదివించుకుంది: "చూసిన బంధువులు: 8."

ఇంకోసారి చదివించుకుంది. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగింది:

"పేర్లు కూడా అచ్చెయ్యదేటమ్మా, ఈ మిసను?"