ఎంగిలి కుంచె

డాక్టర్ కందసామి విరుదునగర్ స్టేషన్‌లో పొద్దున తొమ్మిదింటికి టీ తాగాడు. తొమ్మిదీ పదికి చచ్చిపోయాడు. పోలీసులు వచ్చేసరికి సంచీలో రీసెర్చ్ ఫైలు లేదు.

మర్నాడు శనక్కాయల మండీలో బొమ్మక్క ఒక మూట ముందు ఆగింది.

"కాయ తడిసిందా?"

"ఎండ చాలలా," అన్నాడు దళారి వేషంలో ఉన్న చీఫ్ అప్పాసామి. కోడ్ కుదిరింది. "విను. కోవిల్‌పట్టి డయల్ ఫ్యాక్టరీ. పేరుకు గడియారాలు. అసలు పని శత్రువుల సబ్‌మెరీన్‌లకి దిక్సూచీలు. చీకట్లో వెలిగే రేడియం పెయింటు. పూసే ఆడోళ్ల దవడలు కుళ్లిపోతుండాయని కందసామి రాసినాడు. ఫైలూ పోయె, మనిషీ పోయె. రేపు హెల్త్ ఆఫీసర్ నారాయణసామి తనిఖీ. అంతా క్షేమమని ఆయన సంతకం పెడితే సోమవారం ఇంకో రెండునూర్ల మంది పిల్లలు పనిలో చేరతారు."

"నా చెల్లెలు సెల్లత్తాయి ఆడనే ఉండాది, మామా."

"తెలుసు. నువ్వు ఆఫీసర్ వెంట నర్సువి. లోపల మన ఏజెంట్ ఉండాది, ల్యాబ్ అసిస్టెంట్ మిస్ తంగమ్మ. ఇది పట్టు."

టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో ఇడ్లీలు. అడుగు గిన్నెలో ఎలక్ట్రోస్కోప్. రేడియం మింగిన మనిషి ఊపిరి తగిలితే దానిలోని బంగారు రేకు వాలిపోతుంది.

"ఇడ్లీ తినొచ్చా మామా?"

"పై గిన్నెలోదే తిను."

మరుసటి రోజు తంగమ్మ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఎదురొచ్చింది. పట్టు చీర, కత్తిరించిన జుట్టు, మెడలో వెండి ఈల, మూడు గజాల దూరానికి కొట్టే సెంటు. "బరువు మోస్తుండావు, ఇట్లియ్యక్కా," అని క్యారియర్ అందుకుంది. హాలు గుమ్మం దగ్గర తిరిగిచ్చింది.

హాల్లో నలభై మంది పెయింటర్లు వరసగా నిలబడ్డారు. నలభై నోళ్లలోనూ ముత్యాల్లాంటి పళ్లు. ఆఫీసర్ పేర్లు పిలిచాడు.

"సెల్లత్తాయి!"

"ఉండా, సామీ," అంది బొమ్మక్క జన్మలో చూడని పిల్ల.

బొమ్మక్క అడుగు గిన్నె తెరిచింది. బంగారు రేకును ఎవరో పొడిపొడిగా నలిపేశారు. చెవి పక్కనే సెంటు వాసన.

"వెనక పత్తి గోదాంలో నీ చెల్లెలు, మిగతావాళ్లు," తంగమ్మ గొంతు తగ్గించింది. "బయట మా మనిషి అగ్గిపెట్టె పట్టుకోని ఉండాడు. నువ్వు నోరు తెరిస్తే నేను ఈల వేస్తా."

తర్వాత నవ్వుతూ వెళ్లి ఆఫీసర్‌కి పెన్ను అందించింది. ఆయన కాగితం ముందుకు లాక్కున్నాడు.

బల్ల మీద డబ్బాలో కుంచెలు కనిపించాయి. సాయంత్రమైతే అందరి కుంచెలూ అందులోనే పడేస్తారు. పొద్దున ఎవరి చేతికి ఏది వస్తే అది. సన్నగా మొన రావాలంటే పెదాల మధ్య పెట్టి తిప్పాలి. మొదటి వారం వాంతి, రెండో వారం అలవాటు అని సెల్లత్తాయి ఎప్పుడో చెప్పింది.

బొమ్మక్క ఒక కుంచె తీసి ఆ కొత్త పిల్ల చేతిలో పెట్టింది. "సార్ పని చూడాల. నోట్లో పెట్టి మొన తియ్యమ్మే."

పిల్ల కుంచెను విదిలించి కొట్టింది. "సీ! ఎవరి ఎంగిలో! నేను పెట్టను!"

ఆఫీసర్ పెన్ను కాగితం మీద ఆగింది. "మరి రిజిస్టర్‌లో రాసిన రెండేళ్లూ ఎట్ల పని చేసినావమ్మా?"

"రెండేళ్లా? నిన్ననే కదా సామీ వత్రాప్‌లో బండెక్కించినారు!"

తంగమ్మ చెయ్యి ఈల మీదికి పోయింది. నోరు తెరిచింది. ఈల కంటే ముందు ఆ నోట్లోకి బొమ్మక్క డబ్బాలోంచి లాగిన ఇంకో కుంచె వెళ్లింది.

తంగమ్మ ఉమ్మింది. మళ్లీ ఉమ్మింది. పట్టు కొంగుతో నాలుక తోముకుంది. "నీళ్లు! రేడియం అది! చంపేస్తాది!"

"క్షేమమని రాయమంటివే?" ఆఫీసర్ పెన్నుకి మూత పెట్టాడు. ఆయన వెంట వచ్చిన ప్యూన్లు ఆమె రెక్కలు పట్టుకున్నారు.

గోదాం బయట ఈల కోసం ఎదురుచూసి ఎదురుచూసి కునుకు తీస్తున్నవాడిని బొమ్మక్క ఒక్క దెబ్బతో పూర్తిగా నిద్రపుచ్చింది. తాళం పగిలింది. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చిమ్మచీకటి.

"అక్కా..." అంది ఒక గొంతు. ఆ మాటతో పాటు చీకట్లో పచ్చటి వెలుగు ఒకటి కదిలింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక ఇంకా చాలా.

ఆఫీసర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఎవరైనా లాంతరు తీసుకురండయ్యా!"

"లాంతరు దేనికి సార్," అంది బొమ్మక్క. "నోళ్లే వెలుగుతుండాయి, లెక్క పెట్టుకోండి."