హోల్డ్‌లో పెట్టిన కెర్నల్

"చెయ్యి తియ్యండి!"

కళ్ళద్దాల లెన్సులు అరగదీసే ఆ వర్క్‌షాపులో అతను మొట్టమొదట విన్న మాట అది. సర్వర్ రీస్టార్ట్ చేద్దామని వేలు చాపాడో లేదో, ఆమె చటుక్కున వచ్చి అడ్డం నిలబడింది.

"మిషన్‌లో నలభై లెన్సులు తిరుగుతున్నాయి. ఇప్పుడు ఆపితే అన్నీ పాడైపోతాయి. ఒక్క మాట అడగక్కర్లేదా?"

"సారీ అండీ. కెర్నల్‌కి ప్యాచ్ వేశాను, రీస్టార్ట్ చెయ్యాలి..."

"భోజనాల టైమ్‌లో చేద్దురుగాని. అంతవరకూ కూర్చోండి."

కూర్చున్నాడు. వానలో తడిసిన చొక్కాతో, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా. ఆమెకు నవ్వొచ్చింది కానీ పైకి కనిపించనివ్వలేదు.

వర్క్‌షాపు ఆమె బాబాయ్‌ది. కంప్యూటర్ల బాధ్యత ఆమెది. అతను సర్వీసు కంపెనీ ఇంజనీరు. సర్వర్‌ని నడిపేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, దానికి గుండెకాయ లాంటి భాగం కెర్నల్. దాని లోపాలు సరిచేసే ప్యాచ్ వేసినప్పుడల్లా, లెన్స్ మిషన్‌ని సర్వర్‌తో కలిపే డ్రైవర్ ప్రోగ్రామ్‌ని మళ్ళీ చేత్తో తయారుచేసి పెట్టాలి. అందుకని నెలకోసారి అతను రాక తప్పదు. బాబాయ్ అతనికి 'అప్‌డేట్ బాబు' అని పేరు పెట్టేశాడు.

రెండోసారి వచ్చినప్పుడు అతనే మాట కదిపాడు. "కెర్నల్‌లో కొత్త వెర్షన్ వచ్చిందండీ. మీ మిషన్ డ్రైవర్ అందులోనే ఉంటుంది. అది ఎక్కిస్తే ఇక నేను రానక్కర్లేదు, అన్నీ ఆఫీసు నుంచే చూసుకోవచ్చు. ఎప్పుడు పెట్టుకుందాం?"

'రానక్కర్లేదు' దగ్గర ఆమె మనసు ఎందుకో చివుక్కుమంది.

"కొత్తది రాగానే ఎగబడాలా? ఎప్పుడు మార్చాలో ఓ పద్ధతి ఉండదా?"

"ఉంటుంది. పాతదాంట్లో పూడ్చలేని కన్నం పడితే వెంటనే మార్చాలి. మీరు కొత్త మిషన్ కొని, అది పాతదాంతో కలవనంటే మార్చాలి. ఆ రెండూ లేవంటే, పాతదానికి ప్యాచ్‌లు ఆగిపోయేదాకా ఆగొచ్చు."

"అయితే ఆగుదాం."

"ఆగుదాం," అన్నాడు. ఒక్క ముక్క వాదిస్తే ఒట్టు.

అలా పది నెలలు గడిచాయి. వచ్చే నెల చూద్దాం అనేది ఆమె. అలాగేనండీ అనేవాడు అతను. పని జరిగే ఆ గంటసేపూ అతని చూపు స్క్రీన్ మీద, ఆమె చూపు అతని మీద. అతను తలెత్తితే చాలు, ఆమె హడావిడిగా లెన్సులు లెక్కపెట్టేది.

"ఖాళీ పెట్టెలో ఏం లెక్కపెడుతున్నారండీ?" అని అడిగాడు ఓసారి.

"మీకెందుకు? మీ పని మీరు చూసుకోండి!"

అతను వెళ్ళిపోయాక నెలంతా మిగిలేది. గుమ్మం దగ్గర ఏ అలికిడైనా తల అటే తిరిగేది. బయట వాన మొదలైతే ఇక ఆమెకు ఏ పనీ తోచేది కాదు.

ఆ మరుసటి నెల అతను రాలేదు. మెయిల్ వచ్చింది. తనని వేరే బ్రాంచికి వేశారట. పాత వెర్షన్‌కి ఈ నెలాఖరుతో ప్యాచ్‌లు ఆగిపోతాయట. కొత్తది ఆమే ఎక్కించుకోవచ్చట, ఒక్క కమాండ్ చాలట. కింద ఆ కమాండ్. ఎలా ఉన్నారన్న మాట కూడా లేదు.

ఇన్నాళ్ళూ ఇది నా ఒక్కదాని పిచ్చేనన్నమాట, అనుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"డేట్ పెట్టావా అమ్మాయ్?" అని బాబాయ్ రోజూ అడుగుతున్నాడు. నెలాఖరు ఇంకా రెండు రోజులుందనగా, భోజనాల వేళ మిషన్లు ఆపించి, బ్యాకప్ తీసి, ఆ కమాండ్ కొట్టింది. ఇది పూర్తయితే అతనికి ఈ గుమ్మం తొక్కే అవసరమే ఉండదు. అయినా ఎంటర్ నొక్కింది.

కెర్నల్ మారలేదు. అది హోల్డ్‌లో ఉందని, అందుకే ముట్టుకోలేదని స్క్రీన్ చెప్పింది. ఎవరో కావాలని ఆపి ఉంచితే తప్ప అలా రాదు. ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే లాగ్ తీసి చూసింది. ఆపింది అతనే. అతను రెండోసారి వచ్చిన రోజున, ఎప్పుడు పెట్టుకుందామని ఆమెను అడగడానికి సరిగ్గా గంట ముందు.

వెంటనే ఫోన్ చేసింది.

"కొత్త కెర్నల్‌ని హోల్డ్‌లో ఎందుకు పెట్టారు?"

"అయ్యో... తియ్యడం మర్చిపోయానండీ."

"ఎందుకు పెట్టారని అడిగాను. అది కూడా నన్ను అడక్కముందే!"

"మీరు సరే అంటారేమోనని భయమేసింది." అతని గొంతు తగ్గింది. "అది ఎక్కిస్తే మీ దగ్గరికి రావడానికి నాకు వంక ఉండదు. మీరంటే నాకిష్టమండీ. చెప్పే ధైర్యం లేకపోయింది. మీరు వాయిదా వేసినప్పుడల్లా, పనుల ఒత్తిడి, నా అదృష్టం అనుకున్నాను."

"పది నెలలూ పనుల ఒత్తిడేనా? మీకు లాగ్‌లు చదవడం వచ్చు గానీ మనుషుల్ని చదవడం రాదా?"

"అంటే... మీరు కూడా..."

"మీరు పెట్టింది మీరే వచ్చి తియ్యండి," అని ఠక్కున ఫోన్ పెట్టేసింది.

మర్నాడు భోజనాల వేళకి వచ్చాడు. హోల్డ్ తీశాడు. కొత్త కెర్నల్ ఎక్కింది. రీస్టార్ట్ ఆమే చేసింది. స్క్రీన్ నల్లబడి, గబగబా అక్షరాలు పారి, లాగిన్ దగ్గర ఆగేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. లెన్స్ మిషన్ మీద పచ్చలైటు వెలిగింది.

"ఇక మీకిక్కడ పనేం లేదు," అంది ఆమె మెల్లగా.

"ఏం లేదు," అన్నాడు. బ్యాగు మూసి గోడవారగా పెట్టి, ఆమె పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

లోపల్నుంచి బాబాయ్ కేకేశాడు. "అమ్మాయ్, అప్‌డేట్ బాబు పని అయిపోయిందా? వెళ్ళిపోయాడా?"

"పని అయిపోయింది బాబాయ్," అంది ఆమె, అతని వైపే చూస్తూ. "ఆయన వెళ్ళరు."