మంచం చెక్క మీద మూడు దెబ్బలు

ఇళ్లకు పోయి పేషెంట్లను చూసుకునే పని మొదలుపెట్టిననాడు స్టీఫెన్ దగ్గర పద్నాలుగు వేల రూపాయలున్నాయి. సగం పాత స్కూటీకి, మిగతాది బీపీ మిషన్‌కు, గ్లౌజులకు పోయాయి. కరీంనగర్‌లో ఒక కంటి ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసినవాడు. ఆపరేషనై బొగ్గుబాయిల వైపు ఇళ్లకు పోతున్నవాళ్లు వారానికెందరో లెక్కేసుకున్నాడు. వాళ్లను చూసుకునే మనిషి అక్కడ ఒక్కడూ లేడని తేలగానే ఉద్యోగం మానేశాడు.

మొదటి పేషెంటు గట్టయ్య. బాయిలో, అంటే బొగ్గుగనిలో, పని చేసి రిటైరయ్యాడు. పేలుళ్ల చప్పుడుకు చెవులు పోయాయి, కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమకంట్లో లోపలి పొర ఊడితే ఆపరేషన్ చేసి, గాలిబుడగ ఒకటి పెట్టి పంపారు. ఆ బుడగ పొరను అదిమి పట్టాలంటే మనిషి వారం పాటు బోర్లా పడుకోవాలి. వెల్లకిలా తిరిగాడా, ఉన్న ఒక్క కన్నూ పోయినట్టే.

కంటికి పట్టీ. చెవి మిషన్ దిండుకు ఆని కీచుమంటోందని తీసేశారు. చూపూ వినికిడీ లేని మనిషిని ఉన్నట్టుండి ముట్టుకుంటే ఉలిక్కిపడి తలెత్తుతాడు. అందుకే మిషన్ తీయకముందే స్టీఫెన్ ఒక పద్ధతి చెప్పాడు. ముట్టుకునే ముందు మంచం చెక్క మీద కొట్టాలి, ఆ అదురు ఛాతీకి తెలుస్తుంది. ఒక దెబ్బంటే భార్య ఎల్లక్క. మూడంటే స్టీఫెన్.

గట్టయ్య మంచం చెక్కను వేళ్లతో తడిమాడు. చివరికి "నీ ఇష్టం" అన్నాడు.

ఎల్లక్కకు మాత్రం నచ్చలేదు. "నర్సు వస్తదంటే ఆడపిల్ల అనుకున్న. మీసాలోడు దిగిండు, గీ కొట్టుడొకటి తెచ్చిండు" అని మొదట నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "మూడు కొట్టకు బిడ్డా."

"ఏమైతదవ్వా?"

"బాయిల మూడంటే మనుషులు పైకొస్తున్నరని. కిందోళ్లు మూడు కొడితే, పైన గంట కాడున్నోడు మూడు కొట్టి జవాబియ్యాలె. గప్పుడే లిఫ్టు లేస్తది. ఈయన గంట కాడ ఉన్ననాడే బాయిల నీళ్లు జొచ్చినయి. బాయి కిందినుంచి మూడు దెబ్బలు వినొచ్చినయంట. లిఫ్టు ఖరాబై ఉండె. ఈయన జవాబియ్యలే. కిందోళ్లు ఒక్కడు గూడ పైకి రాలే."

"గిది బాయి కాదవ్వా, మంచం" అన్నాడు స్టీఫెన్. పేషెంటుకు నేర్పిన గుర్తు నడుమల మార్చొద్దని వార్డులో నేర్చుకున్నాడు. మార్చలేదు. పొద్దున, మధ్యాహ్నం, మాపు, మందు వేసే ప్రతిసారీ మూడు దెబ్బలు కొట్టాడు.

ఒక సాయంత్రం ఎల్లక్క కూరగాయల అంగడికి పోయింది. ఆమె పోగానే వాన మొదలైంది. కరెంటు పోయింది. క్వార్టర్ రేకుల మీద చినుకులు గులకరాళ్లలా పడుతున్నాయి. పొద్దు ఇంకా పూర్తిగా గుంకలేదు కానీ, కిటికీకి కట్టిన నల్లగుడ్డ వల్ల గదిలో చీకటి ముందే చేరింది. చుక్కల మందు వేళైంది. స్టీఫెన్ వంటింట్లో చేతులు కడుక్కుంటున్నాడు.

గదిలో చెక్క మీద మూడు దెబ్బలు పడ్డాయి.

నల్లా కట్టేశాడు. వాన తప్ప ఇంకేం వినిపించలేదు. తడిసిన బొగ్గు వాసన వచ్చింది. ఆ వీధంతా ఆ వాసనే కదా అనుకున్నాడు. కానీ ఇది చల్లగా ఉంది... ఎంతోకాలం మూసి ఉంచిన చోటు నుంచి వచ్చినట్టుంది.

గది గుమ్మంలో నిలబడ్డాడు. గట్టయ్య బోర్లానే ఉన్నాడు.

"వచ్చినవ్ గదా... మంచం కిందికెళ్లి ఎందుకు కొడ్తున్నవ్ రా?"

స్టీఫెన్ ఒళ్లు జలదరించింది, మాటలకు కాదు. చెవులు పోయినప్పటి నుంచి గట్టయ్య అరిచే మాట్లాడతాడు, తన గొంతు తనకే తెలియదు. ఇప్పుడు గుసగుసగా మాట్లాడుతున్నాడు. పక్కనున్నవాళ్లు లేస్తారేమోనన్నట్టు.

ఫోన్ లైటు వేసి వంగి చూశాడు. మంచం కింద గచ్చు. ఏమీ లేదు. గచ్చు తడిగా ఉంది, అంతే.

లేచి నిలబడేలోపు మంచం కిర్రుమంది. ఒకవైపు కుంగింది. కాసేపటికి రెండోవైపు. గట్టయ్య కదలలేదు. మళ్లీ కుంగింది... ఒక్కొక్కరుగా ఎక్కి కూర్చుంటున్నట్టు.

"జర జరుగున్రి" అని గొణిగాడు గట్టయ్య. "జాగ లేదు..."

అంతలో తల ఎత్తబోయాడు.

స్టీఫెన్‌కు కన్ను గుర్తొచ్చింది. భయం తర్వాత. చెక్క మీద కొట్టకుండానే ఉరికి, ముసలాయన తల వెనక చెయ్యి పెట్టి మెల్లగా అదిమాడు.

చేతికి జుట్టు తగల్లేదు.

తడిసిన వేళ్లు తగిలాయి. మంచులా చల్లగా ఉన్నాయి. అవి కూడా తలను కిందికే అదుముతున్నాయి.

లెక్కపెట్టాడు. గట్టయ్య చేతులు రెండూ మంచం పక్కలకు వేలాడుతున్నాయి. తన చేతుల్లో ఒకటి ఫోన్ పట్టుకుని ఉంది, ఒకటి ఇక్కడ...

చెయ్యి లాక్కున్నాడు. ఆ వేళ్లు మాత్రం తలను వదల్లేదు. దిండులో కూరుకుపోయిన ముఖం నుంచి గురక లాంటి చప్పుడు వచ్చింది. ఊపిరి ఆడడం లేదు. ఇలాగే ఉంచితే మనిషి పోతాడు. వెల్లకిలా తిప్పితే కన్ను పోతుంది. జీవితాంతం ఇదే చీకటి. అందులో ఆయనతో పాటు ఎవరుంటారో ఇప్పుడు తెలిసింది.

స్టీఫెన్ ఫోన్ కింద పెట్టి, రెండు చేతులూ ముసలాయన భుజాల కింద దూర్చాడు.

"తిప్పకు బిడ్డా..." దిండులోంచి గుసగుస, నీళ్లలోంచి వచ్చినట్టు. "వీళ్లు నన్ను ఒత్తుతలేరు. నన్ను పట్టుకొని ఎక్కుతున్రు. ఇంకొకడు ఉన్నడు కింద... వాడు వచ్చేదాక ఆగు."

మంచం కింద, గచ్చు మీద పెట్టిన ఫోన్ లైటు మీదుగా ఏదో అడ్డొచ్చి పోయింది.

స్టీఫెన్ తిప్పలేదు. ముసలాయన భుజాలను గట్టిగా పట్టుకొని, ఆ చివరివాడి బరువును కూడా ఆపేందుకు కాళ్లు రెండూ గచ్చుకు తన్నిపెట్టాడు.