అరిగే దూరం

బెంజి సర్కిల్ దాటుతుంటే పక్క బండ్లలోని వాళ్ళు చారుమతి వైపు తిరిగి తిరిగి చూశారు. ఒక బండిలో నలుగురు ఎదురెదురుగా కూర్చుని పేకాడుతున్నారు. ఇంకో దానిలో ఒకాయన గడ్డం గీసుకుంటున్నాడు. రోడ్డు వైపు చూస్తున్నది ఆమె ఒక్కతే. స్టీరింగు పట్టుకున్నదీ ఆమె ఒక్కతే.

బాటబుద్ధి వచ్చాక బండి తోలడం మనిషి పని కాకుండా పోయింది. రోడ్డే బండిని నడుపుతుంది. ప్రతి చక్రానికీ ఒక చుట్లపెట్టె ఉంటుంది. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో అది రోడ్డుకి చెబుతుంది. చుట్టుకొలత ఎంతో రోడ్డుకి ముందే తెలుసు. రెండూ హెచ్చవేసుకుని, ఏ బండి ఎంత దూరం పోయిందో లెక్క కట్టుకుంటుంది.

చేత్తో తోలే పాత బండ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిని తోలడానికి వేరే అనుమతి కావాలి. చారుమతి ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆ అనుమతి సంపాదించింది. తర్వాత వాయుజ అనే పాత స్పోర్ట్స్ కారు కొన్నది. ఎర్రటిది, రెండే సీట్లు. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

మర్నాడు బండి ఆమె పేరుకి మారాలి. మార్చే ముందు కొలపలక మీద నాలుగు చక్రాలూ దొర్లించి చూస్తారు. రోడ్డు దగ్గరున్న కొలతకి తేడా వస్తే ఆ బండి కరిగింపుకి పోతుంది. టైర్ల పక్కన ఉండాల్సిన అంకెలు లేవు. ఎవరో ఉప్పుకాగితంతో రుద్దేశారు. అందుకే ఆమె ఆటోనగర్‌కి బయల్దేరింది.

మెకానిక్ కరీముల్లా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి చూసి నవ్వాడు.

"ఇది పరుగెత్తే బండా మేడమ్, ఏటి లంకలో పుచ్చకాయలు మోసే ట్రాక్టరా? ఇంతలావు టైర్లేంటి?"

"అంటే ఇవి దీనివి కావా?"

"కానేకావు. లోపల చూడండి, టైరు తగలకుండా రేకుని ఆకురాయితో అరగదీశారు. ఓపికున్నోడి పనే."

"మరి దీని అసలు సైజెంత?"

"సైజంటే మూడు అంకెలు. టైరు వెడల్పు ఒకటి. ఆ వెడల్పులో నూటికి ఎంత ఎత్తుంటుందో అదొకటి. రిమ్ము ఎన్ని అంగుళాలో మూడోది. రిమ్ము పద్ధెనిమిది, ఆ అంకె రిమ్ము లోపలే పోతపోసి ఉంది. మిగతా రెండూ దొరకాలి. అవి చెబితేనే పోతగదిలో కొత్త టైర్లు పోసిస్తారు."

"రోడ్డుకి కొలత తెలుసుగా. దాన్నే అడిగితే?"

"భలేవారే. పరీక్ష పెట్టేవాడు జవాబు చెబుతాడా?"

తలుపు అంచున సైజుల కాగితం ఉండాల్సిన చోట జిగురు మరక ఉంది, అంతే. కరీముల్లా టైరు మీదా నేల మీదా సుద్దముక్కతో గీత పెట్టి, బండిని ఒక్క చుట్టు దొర్లించి, మళ్ళీ గీత పెట్టాడు. రెండు మీటర్లు దాటి ఇంకో రెండు బెత్తెలు వచ్చింది. ఇలాంటి బండికి రెండు మీటర్లు మించకూడదన్నాడు. తర్వాత ఏదో తట్టి వెనక్కి పోయాడు. బండి పెట్రోలు మీద నడిచిన రోజుల్లో అది పోసే చోట మూత ఒకటి ఉండేది. రంగు పూసేసరికి అది అతుక్కుపోయింది. చాకుతో గీసి తెరిచాడు. మూత లోపల అలాంటి సైజుల కాగితమే చెక్కుచెదరకుండా ఉంది.

"రాసుకోండి. ముందువి రెండువందల ఇరవై అయిదు, నలభై, పద్ధెనిమిది. వెనకవి రెండువందల యాభై అయిదు, ముప్పై అయిదు, పద్ధెనిమిది. వెడల్పు వేరైనా ఎత్తు దాదాపు ఒకటే. సాయంత్రానికి పోయించేద్దాం."

చారుమతికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఒక సంగతి మిగిలింది.

"కావాలని పెద్ద చక్రాలు ఎందుకు వేసినట్టు?"

"పెద్ద చక్రం తక్కువ చుట్లు తిరుగుద్ది. బండి నూటెనిమిది కిలోమీటర్లు పోతే, రోడ్డు వందే అనుకుంటది."

"దానివల్ల లాభమేంటి?"

"మీకేం లేదు. డెబ్బై దాటినోళ్ళకి ఉంది," అన్నాడు కరీముల్లా. చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయాడు.

డెబ్బై దాటిన మనిషికి పరిధి ఉంటుంది. ఇంటి నుంచి అరవై కిలోమీటర్లు. ప్రాణం మీదికొస్తే సమయానికి వైద్యం అందాలని పెట్టిన నియమం. ఆ మనిషి ఏ బండెక్కినా రోడ్డు గుర్తుపడుతుంది. పరిధి చివర బండి ఆగిపోతుంది. గంటలోపు వెనక్కి తిప్పాలి. ఎనభై దాటిన వాళ్ళని అసలు బండే ఎక్కనివ్వదు. కాళ్ళు ఎంతవరకు పోతే అంతవరకే.

బండి అమ్మిన పిచ్చేశ్వరరావుకి డెబ్బై ఆరు. చారుమతి పటమటలో ఆయన ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె టైర్ల సంగతి ఎత్తి, గొంతు వినబడేదాకా వచ్చిందెవరో పోల్చుకోలేకపోయాడు.

"టైర్లు మార్చొద్దని చెప్పాను కదమ్మా."

"ఎందుకో చెప్పలేదు కద బాబాయిగారూ."

ఆయన కాస్త పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చాడు.

"బందరు ఇవతల మా అక్క ఉంటుంది. విశ్రాంతి ఇంట్లో పెట్టారు. ఎనభై మూడు దానికి. ఇక్కణ్ణించి అరవై నాలుగున్నర."

చారుమతి అక్కడే కూర్చుని లెక్క కట్టుకుంది. అరవై దగ్గర ఆగాల్సిన మనిషికి ఆ నాలుగున్నర చక్రంలోంచి వచ్చింది.

"మరి బండెందుకు అమ్మారు?"

"చూపు పోతోంది. తోలే అనుమతి తీసేశారు. తోలే మనిషి లేని బండిని కరిగిస్తారు. అమ్మితే బండన్నా మిగుల్తుంది, ఎప్పుడన్నా ఒకసారి తీసుకుపొమ్మని అడగొచ్చు అనుకున్నా. తీరా నువ్వొచ్చాక అడగడానికి నోరు రాలేదు."

సరైన టైర్లు వేస్తే బండి తనదవుతుంది. విశాఖపట్నం పోవచ్చు, శ్రీశైలం ఘాటు ఎక్కవచ్చు. ఈయన మాత్రం అక్క మొహం మళ్ళీ చూడడు. వేయకపోతే రేపు కరిగింపు. చారుమతి చేతిలో తాళం చెవి అటూ ఇటూ తిప్పింది.

"అమ్మకం రద్దు చేసుకుందాం. బండి మీ పేరునే ఉంటే కొలపలక ఎక్కించే పనే లేదు. తోలే మనిషిగా నా పేరు రాయించండి."

"పిచ్చిపిల్లా. అప్పుడు నేను లేకుండా అది కదలదు. నా పరిధి దాటదు. నీకేం మిగుల్తుంది?"

"స్టీరింగు."

ఆయన నవ్వాడో దగ్గాడో తెలియలేదు.

ఆదివారం బయల్దేరారు. కంకిపాడు దాటగానే చారుమతికి చేతులు ఆగలేదు. ఇన్నాళ్ళ కోరిక. రోడ్డు ఖాళీగా ఉంది, పక్కనే బందరు కాలవ. మలుపు దగ్గర బ్రేకు కొట్టి తిప్పితే టైర్లు కీచుమన్నాయి. ఆమెకి ఒళ్ళు పులకరించింది. పెద్దాయన సీటు అంచు పట్టుకున్నాడు. ఉయ్యూరు దగ్గర ఒకసారి "మెల్లగా" అన్నాడు. భయపడుతున్నాడనుకుంది. పామర్రు దాటినా, ఆఖరి మలుపు దాకా అలాగే తోలింది.

అరవైనాలుగు దాటాక బండి దానంతటదే ఆగింది. రోడ్డు లెక్కలో పరిధి అయిపోయింది. చుట్టూ వరిచేలు. దగ్గర్లో ఇల్లన్నది లేదు. రోడ్డు మీద దూరంగా ఒక ముసలామె ప్లాస్టిక్ కుర్చీని ముందుకు నెట్టుకుంటూ వస్తోంది. నాలుగడుగులు వేస్తుంది. అందులో కూర్చుంటుంది. మళ్ళీ లేస్తుంది.

చారుమతి పరుగెత్తి కుర్చీ అందుకుంది.

"వదులు. నాకు చేతనవుద్ది," అంది పిచ్చేశ్వరరావు అక్క తిరపతమ్మ. బండి దాకా వచ్చి కుర్చీలో కూలబడింది. ఆయాసం తీరాక తమ్ముణ్ణి చూసింది. "ఏరా పిచ్చీ, ఇంకా బతికే ఉన్నావా?"

"నువ్వు పోకుండా నేనెట్టా పోతానే?"

ఆమె ముందుకు వంగి, టైరు గాడిలో బొటనవేలి గోరు దించి చూసింది.

"అమ్మాయ్, నువ్వేనా తోలింది? కీచుకీచుమని ఇక్కడిదాకా వినబడింది."

"ఇల్లెక్కడండీ?" అంది చారుమతి.

తిరపతమ్మ వేలు చూపించింది. చెట్ల మధ్య తెల్లగోడ కనబడుతోంది. రెండు ఫర్లాంగులు ఉంటుంది.

"కొత్తలో గేటు లోపలికే వచ్చేవాడు. టైరు అరిగితే చక్రం చిన్నదవుద్ది కదా. రోడ్డేమో పాత లెక్కే చూసుకుంటది. వచ్చినప్పుడల్లా వీడు కాస్త ఇవతలే ఆగిపోతాడు. నేను కాస్త ముందుకొస్తా." చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "ఇవాళ రోడ్డుకేసి రుద్ది రుద్ది బాగా ఇవతలే ఆపావు."

"ఇలాంటివే కొత్తవి దొరకవా?"

"పోతగదుల్లో బండి సొంత సైజే పోస్తారు. అవి రాకముందు చేసిన టైర్లమ్మా ఇవి," అన్నాడు పిచ్చేశ్వరరావు. "ఆఖరి నాలుగు."

అక్కాతమ్ముళ్ళు రోడ్డు పక్కన కూర్చుని, ఎప్పుడో పోయిన గేదె ఎవరి వల్ల పోయిందని గంటసేపు పోట్లాడుకున్నారు. గంట కాగానే వెనక్కి తిప్పమని బండి మోగింది. తిరపతమ్మ లేచి, కుర్చీని ఇంటి వైపు తిప్పుకుంది. ఆమె తెల్లగోడ దాకా చేరేవరకు పిచ్చేశ్వరరావు అటే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపుకి ఎంతవరకు ఆనిందో ఏమో. బండి మోగుతూనే ఉంది.

తిరుగు దారిలో చారుమతి బ్రేకు తొక్కలేదు. మలుపు కనబడితే చాలా ముందే వేగం తగ్గించి, చంటిబిడ్డ ఉయ్యాల ఊపినట్టు మెల్లగా తిప్పింది. వెనక బండ్లు వరసకట్టాయి. ఒక్కొక్కటీ పక్కనుంచి దాటిపోయాయి.

"స్పోర్ట్స్ కారమ్మా ఇది," అన్నాడు పెద్దాయన. "మరీ ఇంత మెల్లగానా?"

"అరిగిందంతా అక్కయ్యగారు నడవాలి కదండీ," అంది చారుమతి.